కేబులక్క ఆఫీసులో పేర్ల సర్వరు

అనంతపురంలో మా ఆఫీసు ఎదురుగా బస్సులు ఆగే చోట ఈ ఎండాకాలం ఎవరో చలివేంద్రం పెట్టారు. పెద్ద ఏర్పాటేమీ కాదు. సిమెంటు అరుగు మీద రెండు కొత్త కుండలు, వాటికి చుట్టిన తడి గోనెసంచి, మూత మీద ఒక స్టీలు గ్లాసు. గ్లాసును ఎవరూ పట్టుకుపోకుండా కట్టేశారు. నిన్న మధ్యాహ్నం నీళ్లు ముంచుకుంటుంటే ఆ కట్టిన తీగ నా మణికట్టుకు తగిలింది. గొలుసు కాదు, తాడు కాదు. నల్లగా, బిరుసుగా, ఎంత వంచినా మళ్లీ లేచి నిలబడే టీవీ కేబుల్ ముక్క. కొత్త మట్టి వాసన వేసే ఆ నీళ్లు నోట్లో పోసుకుని, మింగడం మరిచిపోయి కొంతసేపు అలాగే నిలబడ్డాను. గ్లాసుకు కేబుల్ తీగ కట్టే మనిషిని నేను నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె గురించి డైరీలో చాలాసార్లు రాయబోయి ఆపేశాను. రాస్తే స్పష్టత వస్తుందంటారు గానీ, ఆమె విషయంలో రాసేకొద్దీ నాకు అర్థంకానిదే ఎక్కువగా కనబడుతుంది. ఈసారి ఆపకుండా రాయాలని కూర్చున్నాను.

ఆమె పేరు సుశీలమ్మ. ముదిగుబ్బలో ఆ పేరు చెబితే ఎవరూ ఇల్లు చూపించరు. కేబులక్క అనాలి. బజారు వీధిలో కింద వాళ్లాయన సరుకుల అంగడి, పైన ఆమె ఆఫీసు. టీవీ కేబుళ్లు ఊళ్లలోకి కొత్తగా వచ్చినప్పుడు వాళ్లాయనే ఆ వ్యాపారం మొదలుపెట్టాడట. మొదటి గాలివానకు తీగలన్నీ తెగి జనం ఇంటి మీదికి వచ్చేసరికి, నాకీ తీగల గోల వద్దని కిందికి దిగిపోయి మళ్లీ చింతపండు తూచుకోవడం మొదలుపెట్టాడు. తెగిన తీగలు ఎవరో ఒకరు అతకాలి కదా అని ఆమె పైకెక్కింది. ఇక దిగలేదు. టీవీ పోయి ఇంటర్నెట్ వచ్చినా అవే స్తంభాలు, అవే ఇళ్లు. మిగిలిపోయిన పాత కేబుల్‌ను ఆమె అన్నిటికీ వాడేది. బట్టలారేసే తీగ అదే, కిటికీ రెక్క కట్టింది దాంతోనే, ఎండాకాలం అంగడి ముందు పెట్టే నీళ్ల కుండ గ్లాసుకూ అదే.

నేను నల్లమాడ అవతలి పల్లె నుంచి వచ్చాను. మా నాయనది వేరుశనగ సేద్యం. కదిరిలో కంప్యూటర్ల డిగ్రీ చదివి, ముదిగుబ్బలో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటున్నప్పుడు కేబులక్క దగ్గర మనిషి కావాలని తెలిసింది. ఆమె నన్ను ఎదురుగా నిలబెట్టి, "ఏమొస్తాది నీకు?" అంది. సర్వర్లను నడిపే లినక్స్ కొంచెం వస్తుందన్నాను. "యాడ, నీ నోరు కదిలింది గానీ మాట రాలేదే. పేరేమి?" వాణి అన్నాను. ఆమె పక్కనున్న లైన్‌మన్ గంగన్న వైపు తిరిగి, "చూసినావా గంగన్నా, పేరు వాణి అంట. వాళ్ల నాయన శానా ఆశ పెట్టుకోని పెట్టినట్లుండాది" అంది. గంగన్న నవ్వాడు. నేను తల దించుకుని, ఇక్కడ ఉద్యోగం రాదని నిశ్చయించుకున్నాను. "రేపట్నుంచి రా" అంది.

ఆ ఆఫీసులో నన్ను భయపెట్టిన వస్తువు టేబుల్ మీది ఫోను. అది మోగితే నాకు ఒక్కసారిగా చాలా పనులు గుర్తుకొచ్చేవి. వెనక గదిలో సర్వరు మీది దుమ్ము తుడవాలనిపించేది. ఆ గదిలో యంత్రాల చప్పుడు ఉంటుంది కాబట్టి ఫోను వినిపించలేదని చెప్పుకోవచ్చు. అక్కడే ఒక మూల నా నవలలు దాచుకున్నాను. పుస్తకాల్లో మనుషులు ఎంతసేపు మాట్లాడినా మనం జవాబు చెప్పనక్కర్లేదు.

చేరిన కొత్తలో ఒకరోజు ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. తలగుడ్డ, చేతికర్ర, భుజాన సంచి. ఏదో సర్కారు ఆఫీసనుకున్నట్టున్నాడు. "మా అల్లుని ఇల్లు యాడమ్మా?" అని నన్నే అడిగాడు. తాను నల్లమాడ వైపు నుంచి వచ్చాడట. అల్లుడి పేరు రాముడట. గొర్రెలున్నాయట. ముదిగుబ్బలో గొర్రెలు లేనిదెవరికి. తెలీదండీ అని కంప్యూటరు తెర వైపు తిరిగాను. ఆయన మెట్ల దాకా వెళ్లాడు. లోపలి నుంచి కేబులక్క, "పెద్దాయనా, యాడికి పోతాండావు, వచ్చి కూర్చో. నీళ్లు తాగు" అంది. తర్వాత నా వైపు చూసింది.

"ఏం పాపా, మొగం మీద తలుపేసినట్ల చెప్తావే."

"నిజంగానే తెలీదక్కా."

"నాకూ తెల్దు. తెల్దనేది తప్పు కాదు. తెల్దని ఊరికే సుమ్మనె కూర్చోకూడదు. తెల్దు, కనుక్కొని చెప్తా, అనాల. ఈ ఆఫీసులో అంతే."

ఫోను తీసి గొర్రెల వ్యాపారి ఒకాయన్ను అడిగింది. ఆయన తనకు తెలియదని, పశువుల ఆస్పత్రిలో మందులిచ్చే అతనికి మందలన్నీ తెలుసని చెప్పాడు. ఆ మందులతను రాముడెవరో తెలియదుగానీ నల్లమాడ వైపు పిల్లను చేసుకున్నవాళ్లు రైల్వే స్టేషన్ దిక్కున ఉన్నారని, అక్కడ పిండిమిల్లులో అడగమని అన్నాడు. పిండిమిల్లాయన, "రాముడా, ఇప్పుడే జొన్నలు పట్టించుకోని పాయ" అన్నాడు. ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ప్రతివాడూ తర్వాతివాణ్ని చూపించాడు, అంతే. ముసలాయన్ను గంగన్న బండి మీద తీసుకెళ్లి దింపి వచ్చాడు. కొన్నాళ్లకు ఇంకెవరో అదే రాముడి ఇల్లు అడిగితే కేబులక్క తలెత్తకుండా చెప్పేసింది. నాకది పని మానుకుని చేసే వృథా శ్రమలా కనిపించింది. మా వినియోగదారుడు కూడా కాని మనిషి అల్లుడి కోసం అన్ని ఫోన్లు ఎందుకో అర్థం కాలేదు. డైరీలో అలాగే రాసుకున్నాను.

ఆ ఎండాకాలానికి ఆఫీసు కష్టాల్లో పడింది. సాయంత్రమయ్యేసరికి ఇంటర్నెట్ రావడం లేదని ఫోన్ల మీద ఫోన్లు. బయటి కంపెనీ ఒకటి ఊళ్లో కొత్త తీగలు లాగుతోంది. ఒక్కో ఇల్లూ మమ్మల్ని వదిలి అటు పోతోంది. మెడికల్ షాపు రమణారెడ్డి వెళ్తూ వెళ్తూ, కేబులక్క నెట్టు ఎద్దులబండి అని బజారంతా చెప్పాడు. ఆమె ఒకరోజు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, "ఈ ఎండాకాలం దాటేలోపల ఇది సరి కాకపోతే తీగలన్నీ ఆ కంపెనీకే ఇచ్చేసి నేను కింద అంగట్లో కూర్చుంటా. గంగన్నను వాళ్లే పెట్టుకుంటారు. పాపా, నువ్వు మీ ఊరికి పోవాల్సిందే" అంది. కోపంగా కాదు, సరుకుల ధర చెప్పినట్టు చెప్పింది. నాకు ఊరికి పోవడం అంటే ఏమిటో తెలుసు. అక్కడ పుస్తకం పట్టుకుని కూర్చుంటే అందరికీ నేను ఖాళీగా ఉన్నట్టే లెక్క.

జబ్బు ఏమిటో వెతకడం నా పనైంది. వెతికేకొద్దీ గందరగోళమే. తీగ బాగానే ఉంది. బయటి యంత్రాన్ని దాని అంకెల చిరునామాతో పిలిస్తే వెంటనే పలుకుతుంది. పేరుతో పిలిస్తే పలకదు. మనం తెర మీద పేరు కొడతాం, కానీ యంత్రాలకు కావాల్సింది అంకెలు. పేరు తీసుకుని అంకెలు చెప్పే సర్వరు ఒకటి మధ్యలో ఉండాలి. మేము లైను తీసుకునే అనంతపురం కంపెనీ వాళ్ల పేర్ల సర్వరు సాయంత్రాలు జనం తాకిడికి చేతులెత్తేస్తోంది. ఇంకా దూరంగా ఉండే పెద్దవాళ్ల సర్వర్లు వాడి చూశాం. సాయంత్రం ఆ దారీ ఇరుకే. ఇదంతా కేబులక్కకు చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

ఆమె అంతా విని, "అట్లాంటిదొకటి మనింట్లోనే పెట్టుకుంటే?" అంది.

"పెట్టొచ్చంట అక్కా."

"మన దానికి అన్ని పేర్లూ ఎట్ల తెలుస్తాయి?"

"తెలీవు. మొదట అన్నిటికీ పైనున్న వాటిని అడుగుతుంది. అవి మాకు తెలీదు, ఫలానా వాళ్లను అడుగు అంటాయి. వాళ్లు ఇంకొకరిని చూపిస్తారు. చివరికి తెలిసినవాడు చెప్తాడు. ఒకసారి తెలిస్తే కొంతసేపు గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ ఎవరన్నా అడిగితే ఇక్కడే చెప్పేస్తుంది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఇది ఆ పొద్దు ముసలాయన కత మాదిరే ఉండాదే. ఎవురు పెట్టాల?"

నేను వెనక గది వైపు చూశాను.

"నువ్వే పెట్టు" అని కిందికి వెళ్లిపోయింది.

వెనక గదిలో పాత కంప్యూటరొకటి ఖాళీగా ఉంటే అందులో లినక్స్ వేశాను. దాని మీద పేర్లు వెతికే ప్రోగ్రాము పెట్టాలి. కాగితం మీద అది చిన్న పని. నాకు మాత్రం ఏ అడుగు ముందో ఏది వెనకో తెలిసేది కాదు. లినక్స్‌లో అలాంటి చిన్న ప్రోగ్రామొకటి ముందే సేవకుడిలా ఉంటుంది. పేర్ల ప్రశ్నలు వచ్చే ద్వారం దగ్గర అతనే కూర్చుని ఉంటాడు. కొత్తవాడు రావాలంటే అతన్ని లేపాలని చదివాను. సరే అని ముందు అతన్ని ఆపేశాను. ఆ తర్వాత కొత్త ప్రోగ్రాము దింపుకోబోతే యంత్రం, ఆ సైటు పేరు నాకు తెలియదు అంది. ఎందుకు తెలుస్తుంది, పేర్లు చెప్పేవాణ్ని నేనే ఆపేశాను కదా. పేరు చెప్పేవాడు లేకుండా, పేరు చెప్పేవాణ్ని తెచ్చుకోలేకపోయాను. ఎండ కిటికీ రెక్కల సందుల్లోంచి గచ్చు మీద పడుతోంది. నేను కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

కేబులక్క మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, "ఏమాయ?" అంది. చెప్పాను. ఆమె నవ్వలేదు. "కొత్త బోరులో నీళ్లు పడకముందే పాత బావి పూడ్చుకున్యావా? మా మామ అట్లనే చేసినాడు. ఆ పొలం ఇప్పటికీ బీడే. ఇంగేం దారి?" అంది. ఆ బావి కథ వింటుంటే నాకు దారి తట్టింది. ఒక చిన్న ఫైలులో బయటి పేర్ల సర్వరు అంకెల చిరునామా నా చేత్తోనే తాత్కాలికంగా రాశాను. పక్కింటి నుంచి బిందెడు నీళ్లు అడిగి తెచ్చుకున్నట్టు. ప్రోగ్రాము దిగింది. లేచి నిలబడింది. నేను కూర్చున్న యంత్రం మీద పేరు అడిగితే అంకెలు చెప్పింది. పొడుగాటి ఆ అంకెల వరుస చూసి, నాకు ఎవరో ఉత్తరం రాసినంత సంతోషమైంది.

కానీ ఇళ్ల దగ్గర రాలేదు. గంగన్న స్తంభం మీద నుంచి ఫోను చేసి, "రాలే పాపా" అన్నాడు. నేను అడిగితే చెప్పేది వాళ్లు అడిగితే తిరస్కరిస్తోంది. ఎందుకో తెలియలేదు. చివరికి తెలిసిందేమిటంటే, అది ఎవరికి జవాబు చెప్పాలో మనం రాసివ్వాలి. రాసివ్వకపోతే తన ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పదు. నాలాంటిదే. మా ఇళ్ల చిరునామాలన్నీ వచ్చేలా ఒక వరుస రాశాను. ఆ సాయంత్రం ఫోను మోగలేదు. కేబులక్క మూడుసార్లు రిసీవరు ఎత్తి, లైను బతికే ఉందా అని చెవి దగ్గర పెట్టుకుని చూసింది.

కొన్నాళ్లు ప్రశాంతంగా గడిచాయి. వెళ్లిపోయిన ఇళ్లలో ఒకటీ అరా వెనక్కి వచ్చాయి. అప్పుడే ఒకరోజు రమణారెడ్డి వచ్చి మెట్ల మీదే నిలబడ్డాడు. పైకి రావడానికి మొహమాటం.

"ఏమప్పా రెడ్డీ, ఎద్దులబండి ఎక్కుదామని వచ్చినావా?" అంది కేబులక్క.

"అట్ల అనాకక్కా. ఆ కంపెనీ నెట్టు కూడా సాయంత్రం మీది పడినట్లే పడతాండాది. మీ తావ ఏదో నంబరుందంట. అది పెట్టుకుంటే పేర్లు ఆలస్యం లేకుండా బిర్న వస్తాయంట. నేనూ పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకో. దానికేం." ఆయన వెళ్లాక నాతో, "వీళ్లకూ రానీ. అడిగినోళ్లందరికీ వచ్చేట్ల చెయ్యి" అంది.

"అక్కా, అందరికీ తెరవకూడదంట" అన్నాను.

"ఎందుకంట?"

అక్కడే చిక్కుకున్నాను. తెరవకూడదని అంతటా రాసి ఉంది. ఎందుకో చదివాను. ఎవరైనా దుర్వినియోగం చేస్తారని. జవాబును దుర్వినియోగం చేయడమేమిటో నాకు ఊహకు అందలేదు. పేరు అడిగితే అంకెలు చెబుతాం. దాంట్లో చెడేముంది? నాకే అర్థంకానిది ఆమెకు ఎలా చెప్పను? ఒక్క రమణారెడ్డి చిరునామా చేర్చవచ్చుగానీ, ఆ కంపెనీ ఇచ్చే చిరునామా రోజూ మారుతుంది.

"కింద కుండ కాడికి వచ్చినోణ్ని నీది ఏ ఊరు, మా అంగట్లో కొంటావా అని అడుగుతాండామా? ఇదీ అంతే. అడిగినోనికి చెప్తే మనకేం పోతాది?" అంది. ఆ మాట నాకు నచ్చింది కూడా. ఆ వరుసలో అన్ని చిరునామాలూ వచ్చే గుర్తు రాసి, ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టాను.

వారం తిరక్కముందే పట్టపగలు కూడా లైను మందగించింది. ఆ మర్నాడు మొత్తం ఆగిపోయింది. కాలేజీ సీట్లకు ఆన్‌లైన్‌లో పెట్టుకునే గడువు దగ్గరపడిన రోజులవి. పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు వచ్చి అంగడి ముందు గుమిగూడారు. ఎండకు నడిచి వచ్చినవాళ్లు ముందు కుండలో నీళ్లు తాగుతున్నారు, తర్వాత తిడుతున్నారు. కేబులక్క వాళ్ల మధ్య నిలబడి, "తాగండప్పా, తడి గొంతుతో తిడితే బాగా పలుకుతాది" అంటోంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకాయన నవ్వకుండా, రేపటికి రాకపోతే కనెక్షన్ తీసేస్తానన్నాడు. ఆయన వెనక ఇంకొందరు తలూపారు.

గంగన్న తీగలు చూసుకుంటూ ఊరి చివరికి వెళ్లాడు. అనంతపురం కంపెనీ నుంచి ఫోను వస్తే కేబులక్కే తీసింది. కాసేపు విని, "నాకు తెల్దు సామీ. సర్వరు పెట్టిన పాపకిస్తా" అని రిసీవరు నా చేతిలో పెట్టింది. వద్దని తల ఊపాను. ఆమె నా వేళ్లను రిసీవరు చుట్టూ మూసింది.

"మీ సర్వరు ప్రపంచంలో ప్రతివానికీ జవాబులిస్తాందమ్మా. అందుకే లైను కట్ చేసినాం" అంది అవతలి గొంతు.

"అడిగినవాళ్లకే కదా సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అదే గదా కత. అడిగినోళ్లకు కాదు. ఒకడు ఇంకొకని అడ్రసు పెట్టి అడుగుతాడు. ప్రశ్న ఇంత చిన్నది, జవాబు అంత పెద్దది. ఆ జవాబులన్నీ పోయి అడగనోని నెత్తిన పడతాయి. మీ సర్వరొకటే కాదు, ఇట్ల తలుపు తీసిపెట్టినవన్నీ చేరి వాణ్ని ముంచుతాండాయి. మీ ఇళ్లకు తప్ప అందరికీ మూసేసి నాకు ఫోన్ చెయ్యి. ఇంకొకసారి ఇట్లయితే మీ లైను పూర్తిగా తీసేస్తాం."

కేబులక్క నా మోచెయ్యి పట్టుకుని, "ఏమంటాండాడు?" అంది. రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి చెప్పాను. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది. లైను సంగతి అడుగుతుందనుకున్నాను. కిందనున్న జనం సంగతి అడుగుతుందనుకున్నాను.

"అడగనోని ఇంటి మీద మనం నీళ్లు గుమ్మరించినామా? ఎవురిల్లు అది?" అంది.

"తెలీదక్కా."

ఆమె నా వైపు చూస్తూ నిలబడింది. ఆ చూపు దేనికో నాకు తెలుసు. రిసీవరు మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"సార్, ఆ అడ్రసు ఎవరిది?"

"ఏ అడ్రసు?"

"జవాబులు పోయి పడినది."

ఆయన నవ్వాడు. "దాంతో నీకేం పనమ్మా?"

"మా అక్క కనుక్కోమంది."

"దొరకదు తల్లీ. ఏదో దేశంలో నంబరది. ఆటలాడే పిల్లోడో, అంగడో, ఆస్పత్రో ఎవురికి తెలుసు? మీరు ముందు తలుపు మూయండి."

ఆస్పత్రి అన్న మాట నేను కేబులక్కకు చెప్పలేదు. తెలియదన్నాడు అని మాత్రం చెప్పాను. ఆమె పక్కనే నిలబడి ఉండగా ఆ వరుస కొట్టేసి, పాతదే మళ్లీ రాసి, ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నేనే అనంతపురానికి ఫోను చేశాను. లైను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కింద పిల్లలు తమ తమ ఫోన్ల మీదికి వంగిపోయారు. తిట్టినాయన మెట్లెక్కి వచ్చి, మా ఫ్యాను కింద కూర్చుని తన కూతురి కాలేజీ పేరు వెతుక్కున్నాడు.

సాయంత్రం కేబులక్క చెప్పులేసుకుని, నన్నూ రమ్మంది. మెడికల్ షాపుకు వెళ్లాం. ఒకరికి ఇస్తామని చెప్పింది ఆపేస్తే, ఆపేశామని మనమే పోయి చెప్పాలని ఆమె పద్ధతి.

"రెడ్డీ, ఇంగ నీకు మా నంబరు పనిజేయదప్పా. మూయాల్సి వచ్చింది. ఏమనుకోవాక."

రమణారెడ్డి మందుల పెట్టెలు సర్దుతూ, "ఏ నంబరక్కా?" అన్నాడు. తర్వాత గుర్తొచ్చి, "ఓ, అదా. ఎట్ల పెట్టాల్నో తెల్లే. పెట్టనేలేదు" అన్నాడు.

కేబులక్క సరేనప్పా అంది. వెనక్కి తిరిగి వస్తూ బజారు నడుమ ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక నేను పక్కన నిలబడ్డాను. అడుగుదామనుకున్నాను. ఆ రోజుకు నా దగ్గరున్న ధైర్యమంతా ఫోనులో ఖర్చయిపోయింది.

మర్నాడు నేను ఆఫీసుకు వచ్చేసరికి నా కుర్చీ వెనక గదిలో లేదు. బయట టేబుల్ దగ్గర, ఫోను పక్కన ఉంది. నా నవలలు కూడా తెచ్చి అక్కడే పేర్చి ఉన్నాయి. వాటిని చూసిందన్నమాట. ఎప్పటి నుంచి తెలుసో. "అక్కా, ఇదేంటి?" అన్నాను. "ఆడ కూర్చో. ఫోనొస్తే ఎత్తు" అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అది నేను చేసిన పనికి మెప్పో, లైను పోయినందుకు శిక్షో, లేక గంగన్నకు స్తంభాల పనే సరిపోయి ఫోను ఎత్తే మనిషి లేడనో నాకు తెలియదు. అప్పుడు చాలా ఆలోచించాను. ఇప్పుడూ ఆలోచిస్తాను. డైరీలో ఆ రోజు పేజీలో మూడూ రాసి మూడింటికీ ప్రశ్నార్థకం పెట్టాను. మొదటిసారి ఫోను మోగినప్పుడు వెనక గది వైపు ఒకసారి చూసి, రిసీవరు ఎత్తాను. అవతల ఎవరో పెద్దాయన, వాళ్ల వీధిలో కరెంటు ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు. మాకు సంబంధం లేని విషయం. లోపలి నుంచి కేబులక్క వింటోందని నాకు తెలుసు. "తెలీదండీ, కనుక్కొని చెప్తాను" అన్నాను. కనుక్కుని చెప్పాను కూడా.

ఆ ఎండాకాలం దాటింది. తీగలు ఎవరికీ ఇవ్వలేదు. నేను ఊరికి పోలేదు. చాలాకాలం తర్వాత, పెద్ద కంపెనీ మంచి ధర ఇస్తానన్నప్పుడు ఆమె గొడవేమీ లేకుండా ఇచ్చేసింది. అప్పటికి నాకు అనంతపురంలో ఈ ఉద్యోగం దొరికింది. ఇప్పుడు పెద్ద గదులు, చాలా సర్వర్లు, చాలా ఫోన్లు. కొత్త సర్వరు పెట్టినప్పుడల్లా ముందు బయటివాళ్లకు తలుపు మూస్తాను. మూస్తున్న ప్రతిసారీ కింద కుండ దగ్గరికి వచ్చినోణ్ని ఊరు అడుగుతామా అన్న మాట వినిపిస్తుంది. ఆమె అన్నది తప్పని నాకు తెలుసు. తప్పని పూర్తిగా అనిపించదు. ఈ రెండూ నాలో ఎలా ఇముడుతున్నాయో తెలియదు.

కేబులక్క కింద అంగట్లో కూర్చుంటోంది. ఎప్పుడన్నా ఫోను చేస్తుంది. నా జీతం అడగదు, ఆరోగ్యం అడగదు. "ఆ ఇల్లు ఎవురిదో తెలిసిందా పాపా?" అంటుంది. మొదట్లో సరదాకు అడుగుతోందనుకున్నాను. కాదు. లేదక్కా, కనుక్కొని చెప్తా అంటాను. ఊఁ అని పెట్టేస్తుంది.

నిన్న ఆ కుండ దగ్గర నోట్లో నీళ్లతో నిలబడి ఉండగా, బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒకామె వచ్చి గ్లాసు అందుకుంది. కడుపునిండా తాగి, గ్లాసు నా చేతికిచ్చి, కొంగుతో మూతి తుడుచుకుంటూ, "సల్లగుండాయి. ఎవురు పెట్టినారమ్మా ఇవి?" అంది.

నేను నోట్లోని నీళ్లు మింగి, "తెలీదమ్మా, కనుక్కొని చెప్తా" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి నవ్వింది. అంతలో బత్తలపల్లె బస్సు వస్తే బుట్టతో సహా ఎక్కేసింది. బస్సు కదిలింది. చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. చేతిలోని గ్లాసు వదిలితే కేబుల్ తీగ దాన్ని తనవైపు లాక్కుంది.

రోడ్డు దాటి, టీ అంగడాయన్ను అడిగాను.